వాయె రెబో ఊరి బస: రాత్రి ఉంటేనే వెళ్లండి

ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవి పడమటి కొసన మంగ్గరాయ్ కొండలున్నాయి. ఆ కొండల్లో 1,100 మీటర్లకు పైన అడవి మధ్యలో ఉన్న చిన్న ఊరు వాయె రెబో. ఊళ్లోకి రోడ్డు లేదు, నడిచి ఎక్కాల్సిందే. పచ్చటి మైదానం చుట్టూ వలయంగా నేలదాకా దిగిన గడ్డికప్పులతో ఏడు ఎత్తైన ఇళ్లు కనిపిస్తాయి. ఇక్కడ హోటల్ లేదు. వచ్చినవాళ్లకు పడక, తిండి ఊరివాళ్లే ఉమ్మడిగా చూస్తారు. ఈ సమీక్ష ఆ బస గురించే.

ముందే తేల్చి చెప్పేస్తాను. ఒక రాత్రి ఉండేవాళ్లకు ఇది బాలీలో ఇంతకు పదింతలు పెట్టి తీసుకునే గది కన్నా విలువైన బస. పొద్దున ఎక్కి, ఫొటోలు తీసుకుని, మధ్యాహ్నానికి దిగిపోయే ఆలోచన మాత్రం మానుకోండి. ఒళ్లు హూనమవుతుంది తప్ప ఊరు అర్థం కాదు.

మనిషికి రాత్రి బస ధర ఈమధ్య 3 లక్షల 25 వేల రుపియా దగ్గర నడుస్తోంది. మన డబ్బులో సుమారు 1,700 నుంచి 1,800 రూపాయలు. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, కాఫీ, పరుపు, దుప్పటి అన్నీ అందులోనే. పగలు చూసి వెళ్లేవాళ్లకూ రుసుము ఉంది, అది దీనికంటే తక్కువ. ధరలు మారుతుంటాయి కాబట్టి కింద దెంగె ఊళ్లోనే ఒకసారి అడిగి రూఢి చేసుకోండి. గైడ్ ఖర్చు, కొండ మొదటిదాకా బైక్ ఖర్చు వేరు. గైడ్‌కు మనిషికింత అని ఉండదు, గుంపు మొత్తానికి ఒకటే. అందుకే నలుగురు కలిసి వెళితే చవక. డబ్బంతా నోట్ల రూపంలోనే ఉండాలి. ఏటీఎంలు దారిలో తగిలే పట్టణాలు రుతెంగ్‌లోనూ లబువాన్ బాజోలోనూ ఉన్నాయి. వాటిని దాటాక మళ్లీ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. 50 వేలు, 20 వేల నోట్లు విడిగా ఉంచుకోండి. కొండ మీద లక్ష నోటుకు చిల్లర దొరకడం కష్టం.

చేరుకోవడమే అన్నిటికన్నా పెద్ద పని. మనవాళ్లు ఎక్కువగా బాలీ మీదుగా వస్తారు. బెంగళూరు నుంచి బాలీ రాజధాని దెన్‌పసార్‌కు నేరుగా విమానం ఉంది. హైదరాబాద్, విశాఖ వాళ్లు కౌలాలంపూర్ లేదా సింగపూర్ మీదుగా కూడా రావచ్చు. భారతీయులకు వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రుపియా, 30 రోజులు చెల్లుతుంది. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే క్యూ తప్పుతుంది. బాలీలో దిగితే అక్కడి పర్యాటక రుసుము మరో లక్షా 50 వేలు, ఇది 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. బాలీ నుంచి లబువాన్ బాజోకు విమానంలో గంట పైచిలుకు. కొమొడో డ్రాగన్లను చూడటానికి వచ్చేవాళ్లంతా దిగే ఊరు అదే.

లబువాన్ బాజో నుంచి దెంగెకు కారులో అయిదారు గంటలు పడుతుంది. మ్యాప్‌లో దూరం చూసి మూడు గంటలనుకుంటే దెబ్బతింటారు. లెంబోర్ దాకా రోడ్డు బాగుంటుంది. అక్కడి నుంచి దక్షిణ తీరానికి తిరిగాక రోడ్డు సన్నబడుతుంది, మలుపులు ఎక్కువ, అక్కడక్కడా చెడిపోయి ఉంటుంది. రుతెంగ్ నుంచైతే సుమారు మూడు గంటలు. ముందు రోజు రాత్రి రుతెంగ్‌లో గానీ, దెంగె, దింతోర్‌లలోని హోమ్‌స్టేల్లో గానీ పడుకుని తెల్లారి కొండెక్కడమే మేలు. రుతెంగ్ నుంచి చెక్క బల్లలు వేసిన లారీలు, అక్కడివాళ్లు ఓతో కాయు అంటారు, ఈ దారిన తిరుగుతాయి. చవకే గానీ బాగా నెమ్మది. ఆదివారం వాటిని నమ్ముకోవద్దు. ఈ ప్రాంతమంతా కాథలిక్కులే, ఆ రోజు ఊళ్లన్నీ చర్చి దగ్గరుంటాయి.

దెంగె నుంచి కొండ మొదలయ్యే వాయె లొంబా వాగు దాకా ఓజెక్ అనే బైక్ టాక్సీ ఎక్కండి. ఆ రోడ్డు నడవడానికి బోరు, ఎండ కూడా. కాళ్లలో బలం అసలు కొండకు దాచుకోవాలి. పెద్ద బ్యాగు దెంగెలోనే వదిలేయండి, హోమ్‌స్టే వాళ్లు ఉంచుతారు. ఒక జత బట్టలు, స్వెటర్, వాన కోటు, టార్చి, పవర్ బ్యాంకు, లీటరున్నర నీళ్లు చాలు.

నడక రెండు నుంచి మూడు గంటలు. వాగు దాటాక పోచో రోకో అనే చోటి దాకా దారంతా నిట్టనిలువు ఎక్కుడే. ఊపిరాడక కూలబడేవాళ్లందరూ ఈ మొదటి భాగంలోనే, అదీ ఉత్సాహంగా గబగబా ఎక్కడం వల్లే. ఇక్కడ మాట్లాడుతూ నడవగలిగేంత నిదానంగా వెళితే చాలు. ఆ తర్వాత దారి కొండ అంచున, చెట్ల నీడలో సాగుతుంది. ఆకాశం తేటగా ఉంటే వెనక్కి తిరిగి చూసినప్పుడు సముద్రం, అందులో ములెస్ దీవి కనిపిస్తాయి. చివర్లో కాఫీ తోటల గుండా కిందికి దిగుతారు. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా నడక మొదలుపెట్టాలి. మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్ముతుంది, వాన పట్టుకుంటుంది. తడిసిన మట్టిలో అరిగిన స్పోర్ట్స్ షూ జారిపోతుంది, అడుగున లోతైన గాడులున్న బూటే వేసుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం, జలగలుంటాయి. పొడవాటి సాక్సుల్లోకి ప్యాంటు దోపుకుని, పాదాల దగ్గర కాస్త ఉప్పు రాసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. ఫ్లోరెస్‌లో మలేరియా ఉంది. బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందే డాక్టర్‌ను కలిసి మందు సంగతి మాట్లాడుకోండి.

ఊరు కనపడగానే కెమెరా తీయాలని చెయ్యి ఊరుకోదు. ఆగండి. ఊరికి ముందు చిన్న పాక ఒకటుంటుంది. గైడ్ అక్కడ వెదురు బొంగు వాయించి అతిథులొస్తున్నారని ఊరికి కబురందిస్తాడు. తర్వాత నేరుగా పెద్ద ఇంటికి, అంటే నియాంగ్ గెండాంగ్‌కు వెళ్లాలి. అక్కడ చాపల మీద కూర్చుంటే ఊరి పెద్ద మంగ్గరాయ్ భాషలో పూర్వీకులకు విన్నవించి, వీళ్లను మన బిడ్డల్లా కాపాడండి అని వేడుకుంటాడు. దీన్ని వాయెలు అంటారు. పది నిమిషాల పని. అది అయ్యేదాకా ఫొటోలు తీయకూడదు, ఊళ్లో తిరగకూడదు. పెద్దకు కొంత కానుక ఇవ్వడం ఆనవాయితీ, ఎంతన్నది గైడ్ ముందే చెబుతాడు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చాలామంది దీన్ని పర్యాటకుల కోసం పెట్టిన తంతు అనుకుని ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంటారు. కానీ ఊరివాళ్లు దీన్ని మనస్ఫూర్తిగా చేస్తారు, మనమూ అలాగే కూర్చోవాలి. మైదానం మధ్యలో ఎత్తుగా, గుండ్రంగా పేర్చిన రాళ్ల అరుగు పేరు చొంపాంగ్, అది పూజా స్థలం. దానిమీద కూర్చోవడం, ఎక్కి నిలబడటం తప్పు. ఈ ఊళ్లో అతిథులు ఎక్కువగా చేసే తప్పూ అదే.

ఇళ్ల దగ్గర కాసేపు ఆగాలి. ఈ గుండ్రటి ఇంటిని మ్బారు నియాంగ్ అంటారు. ఒక్కోటి సుమారు 15 మీటర్ల ఎత్తు, లోపల అయిదు అంతస్తులు. కింది అంతస్తు లుతుర్, మనుషులుండేది. పైన లోబో, తిండి సామాను పెట్టే అటక. ఆ పైన లెంతార్, మొక్కజొన్న, వడ్ల విత్తనాలకు. ఆ పైన లెంపా రాయె, కరువొస్తే తినడానికి దాచేది. అన్నిటికీ పైన హెకాంగ్ కోడె, పూర్వీకులకు నైవేద్యం పెట్టే చోటు. మేకులు వాడరు. కొయ్యను కొయ్యకు పేముతో కట్టుకుంటూ పోతారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్టిళ్లు చూసినవాళ్లకు ఈ గుండ్రటి కట్టడం కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే, చుట్టింటికి మట్టి గోడ ఉంటుంది, దీనికి గోడే లేదు, కప్పే నేలదాకా దిగి గోడ పని చేస్తుంది. ఇంటి నడుమ పొయ్యి మండుతుంది. ఆ పొగ పైకి ఎక్కి కప్పును, కట్టెను పురుగు పట్టకుండా, కుళ్లకుండా కాపాడుతుంది. పొయ్యి ఆరిపోయి మనుషులు లేని నియాంగ్ త్వరగా పాడవుతుంది. కుటుంబాలు ఇళ్లలో ఉంటేనే ఈ ఊరి కట్టడం నిలుస్తుంది.

ఒక దశలో ఏడింటిలో నాలుగే మిగిలాయి. 2008లో జకార్తా ఆర్కిటెక్టు యోరి అంతార్ బృందం ఇక్కడికి వచ్చింది. ఆ తర్వాత దాతల సాయంతో, ఊరి పెద్దలకు గుర్తున్న పద్ధతిలో, ఊరివాళ్ల చేతులతోనే 2011 నాటికి ఇళ్లు మళ్లీ లేచాయి. 2012లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అత్యున్నత పురస్కారం దీనికే వచ్చింది. 2013లో కట్టడాలకిచ్చే ఆగాఖాన్ పురస్కారం తుది జాబితాలోనూ చేరింది. బయటి నిపుణుడు వచ్చి కట్టించి పోకుండా ఊరివాళ్ల చేతనే కట్టించడం వల్ల ఆ విద్య తర్వాతి తరానికి అందింది. నా దృష్టిలో ఈ ఊరికి దక్కిన అసలు లాభం అదే.

అతిథులకు ఒక నియాంగ్ విడిగా ఉంది. గదులు లేవు. గుండ్రటి హాలులో చుట్టూ అంచు వెంబడి పరుపులు వరసగా వేసి ఉంటాయి, తలలు అంచుకు, కాళ్లు నడుమకు. ఆడా మగా, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అంతా అక్కడే. చెవుల్లో పెట్టుకునే దూది తీసుకెళ్లండి. రాత్రి చలి గట్టిగానే ఉంటుంది, ఇచ్చే దుప్పటి ఒకటే అయితే ఇంకోటి అడగండి, ఇస్తారు. మరుగుదొడ్లు బయట, వెనక వైపున. నీళ్లు చల్లగా ఉంటాయి, తొట్టిలోంచి ముంచి పోసుకోవాలి. అర్ధరాత్రి లేవాల్సి వస్తే తడి గడ్డి మీద నడవాలి కాబట్టి టార్చి, చెప్పులు పక్కనే పెట్టుకోండి. కరెంటు సాయంత్రం కొద్ది గంటలేనని లెక్కేసుకోండి. ఫోన్లు ఆ వేళలోనే చార్జింగ్ పెట్టాలి, ప్లగ్గులు కొద్దిగానే ఉంటాయి. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేని పెద్దలకు ఈ బస కుదరదు. కుర్చీలు, మంచాలు ఉండవు. ఆస్తమా ఉన్నవాళ్లు కుటుంబాల ఇళ్లలోకి వెళ్లినప్పుడు పొగతో జాగ్రత్త.

తిండి సాదాగా, వేడిగా, కడుపునిండా పెడతారు. అన్నం, కూరాకు, కోడికూర లేదా గుడ్డు, పక్కన సంబల్ అనే మిరప పచ్చడి. శాకాహారులు దెంగెలోనే గైడ్‌తో పైకి కబురు చేయించాలి. పైకెళ్లాక చెబితే అన్నం, ఆకుకూర తప్ప ఇంకేమీ మిగలదు. కేవలం వెజిటేరియన్ అంటే సరిపోదు, కోడిని మాంసంగా లెక్కపెట్టనివాళ్లు చాలామంది. తిడక్ మాకన్ దాగింగ్, ఆయమ్, ఇకన్ అనండి, అంటే మాంసం, కోడి, చేప తినను అని. గుడ్డు కూడా వద్దంటే తెలుర్ చేర్చండి. సంబల్‌లో తెరాసి అనే రొయ్యల ముద్ద ఉండవచ్చు, తన్పా తెరాసి అని అడగండి. ఇంట్లోంచి కందిపొడి, నిమ్మకాయ పచ్చడి ఒక చిన్న డబ్బాలో తెచ్చుకుంటే ఆ వేడన్నం అమృతమే.

కాఫీ ఈ ఊరి బతుకుతెరువు. అరబికా, రొబస్టా రెండూ పండిస్తారు. మే నుంచి ఆగస్టు మధ్య వస్తే గింజలు చాపల మీద ఆరుతూ కనిపిస్తాయి. ఆ చాపల మీద నుంచి దాటకండి. కాఫీ చక్కెర కలిపే ఇస్తారు, వద్దనుకుంటే తన్పా గులా అనాలి. అరకు కాఫీ తాగే అలవాటున్నవాళ్లు ఇక్కడి అరబికా పొడి తప్పక కొనండి. ఊళ్లోనే కొనండి, బేరం ఆడకండి. దిగువన షాపుల్లో కొంటే ఆ డబ్బులో ఊరికి చేరేది తక్కువ. ఆడవాళ్లు నేసే సోంకె బట్ట కూడా దొరుకుతుంది. చేతి నేతకు రోజుల కొద్దీ పట్టే పని కాబట్టి ధర ఎక్కువే ఉంటుంది, ఉండాలి కూడా.

పిల్లలకు చాక్లెట్లు, పెన్నులు పంచకండి. బడి ఈడు పిల్లలు ఎక్కువమంది కింద కొంబో ఊళ్లో ఉండి చదువుకుంటారు. ఏమైనా ఇవ్వాలనుంటే ఊరి పెద్దల చేతికే ఇవ్వండి. డ్రోన్ ఎగరేయాలంటే అనుమతి అడగాలి. నవంబరులో జరిగే పెంటి పండుగ మంగ్గరాయ్ వాళ్ల కొత్త సంవత్సరం. ఆ రోజుల్లో ఊరు నిండిపోతుంది, పడకలు ముందే మాట్లాడుకోవాలి.

రాత్రి ఎందుకుండాలో మధ్యాహ్నం మూడు తర్వాత తెలుస్తుంది. పగటి జనం దిగిపోతారు. మంచు మైదానంలోకి దిగి ఇళ్ల కొసలు మాత్రమే పైకి కనిపిస్తాయి. ఆడవాళ్లు కాఫీ దంచుతారు, కాసేపు రోకలి పట్టుకుంటే వద్దనరు. తెల్లవారుజామున అయిదున్నరకు లేచి ఊరి వెనక గట్టు ఎక్కితే ఏడు కప్పుల లోంచీ పొగ లేస్తూ ఉంటుంది. ఫొటోకు అంతకన్నా మంచి సమయం లేదు.

దిగేటప్పుడు మొదట కాసేపు ఎక్కాలి, తర్వాత అంతా దిగుడే, అదే మోకాళ్లకు పరీక్ష. ఒక కర్ర అడిగి తీసుకోండి. ఎనిమిదికి బయల్దేరితే పదకొండు లోపు దెంగె చేరతారు. అక్కడి నుంచి రుతెంగ్ వెళ్లి, దారిలో చాంచార్ దగ్గర గుట్ట ఎక్కి సాలెగూడు ఆకారంలో చీల్చిన వరి మళ్లు చూసి, ఆ రాత్రి రుతెంగ్‌లోనే పడుకోండి. లబువాన్ బాజో నుంచి విమానం ఆ మర్నాడు సాయంత్రానికే పెట్టుకోండి, అంతకన్నా ముందు వద్దు. వానకు కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోతే అదనంగా ఉంచిన ఆ పూటే టికెట్ డబ్బులు కాపాడుతుంది.