కొలిమికి కరెంటు బ్లోయర్: ఏళ్ల తరబడి వాడాక

కొలిమికి కరెంటు బ్లోయర్, అంటే నిప్పుకు గాలి ఊదే మోటారు ఫ్యాను, బిగించుకోవాలా అని అడిగేవారికి నా జవాబు ఇది: బిగించుకోండి, కానీ గాలిని తగ్గించే ఏర్పాటు ముందు చూసుకుని, ఆ తర్వాత మోటారు కొనండి. చాలామంది చేసేది దీనికి తలకిందులు. మోటారు తెచ్చి, గొట్టానికి తగిలించి, స్విచ్ వేసి, మంట ఎగసిపడగానే సంబరపడతారు. నెల తిరక్కుండానే బొగ్గు చాలడం లేదని, ఇనుము పొలుసులై రాలిపోతోందని, పదును నిలవడం లేదని మొదలుపెడతారు. తప్పంతా బొగ్గు మీదికో ఇనుము మీదికో నెడతారు. నేను చూసినంతలో చిన్న కొలిమిలో వచ్చే చిక్కుల్లో సగానికి పైగా గాలి దగ్గరే పుడతాయి.

నేను వాడుతున్నది పావు హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు. రెక్కల చుట్టూ పోత ఇనుప డొల్ల, గాలి బయటికొచ్చే మూడంగుళాల మూతి, నిమిషానికి 2800 చుట్లు. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ రకం డొల్లలు రకరకాల పేర్లతో అమ్ముతారు, లోపల సరుకు దాదాపు ఒకటే. నా పని కూడా చిన్నదే. ట్రాక్టర్ కల్టివేటర్ కర్రులు సాగదీయడం, కొడవళ్లు, గొడ్డళ్లు, గునపాలు, రాతి మేస్త్రీల ఉలులు. ఇంతకంటే పెద్ద పని చేసేవారికి ఈ సైజు చాలదు. కత్తులు మాత్రమే చేసేవారికి ఇది ఎక్కువే.

మా కొలిమిలో మొదట తోలు తిత్తి ఉండేది, తర్వాత చేత్తో తిప్పే చక్రం ఫ్యాను, ఆపైన ఇది. తిత్తి రోజుల్లో నాన్న దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) దగ్గరుంటే అమ్మ తాడు లాగేది. సమ్మెట దెబ్బ కావలసి వచ్చినప్పుడు తాడు వదిలి సమ్మెట అందుకునేది కూడా అమ్మే. కమ్మరి అనగానే అందరికీ సుత్తి పట్టిన మనిషే గుర్తుకొస్తాడు. గాలి ఊదిన మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బ్లోయర్ చేసిన పెద్ద మేలు ఆ చాకిరీ తప్పించడమే. మార్కులు వేయమంటే ఈ ఒక్క కారణానికే సగం వేసేస్తాను.

అలాగని తిత్తిని తక్కువ చేయడానికి లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ వేడిని పుట్టించింది తిత్తి గాలే. పైగా తిత్తికి మనం పట్టించుకోని సుగుణం ఒకటుంది. ఇనుము బయటికి తీయగానే లాగే చెయ్యి ఆగుతుంది, దాంతో గాలీ ఆగుతుంది. మోటారుకు ఆ విచక్షణ లేదు. మీరు దాగలి మీద కొడుతున్నంతసేపూ అది ఖాళీ నిప్పును ఊదుతూనే ఉంటుంది. బొగ్గు ఖర్చు పెరిగేది ఇక్కడే. కరెంటు బిల్లుకు మాత్రం భయపడనక్కర్లేదు, ఈ సైజు మోటారు గంటకు తినేది పావు యూనిట్‌కు కాస్త అటూ ఇటూ.

గాలి తగ్గించడానికి సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టుకోండని దుకాణంలో చెబుతారు. నాకూ చెప్పారు. ఈ రకం మోటారుకు అది సరిపడదు. వేగం కాస్త తగ్గుతుంది, మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, చివరికి చుట్టల మీది వార్నిష్ వాసన వస్తుంది. మోటారును దాని వేగంతో తిరగనిచ్చి గాలికి అడ్డం పెట్టడమే సరైన దారి. మూతి మూస్తే మోటారు మీద భారం పడి కాలిపోతుందని చాలామందికి ఒక అనుమానం. ఇలాంటి ఫ్యానులో జరిగేది అందుకు వ్యతిరేకం. గాలి కదలనప్పుడు రెక్కలకు పని తగ్గుతుంది, మోటారు తీసుకునే కరెంటూ తగ్గుతుంది. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూస్తే ఆ తేడా కనిపిస్తుంది.

నా ఏర్పాటు చెబుతాను. బ్లోయర్ మూతికీ గొట్టానికీ మధ్య రెండు ఫ్లాంజీలు (బోల్టులతో బిగించే అంచు పళ్లేలు), వాటి మధ్య జారే రేకు తలుపు. ఆ తలుపుకు ఒక స్ప్రింగు, మరోవైపు సైకిల్ బ్రేకు వైరు. వైరు రెండో కొస నేల మీది చెక్క పెడల్‌కు. కాలు నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, కాలు తీస్తే స్ప్రింగు మూసేస్తుంది. చేతులు రెండూ పట్టకారుకు, సుత్తికి ఖాళీగా ఉంటాయి. తలుపు పూర్తిగా మూసుకోకుండా చిటికెన వేలు పట్టేంత సందు వదిలాను. అది ఎందుకో కింద చెబుతాను. ఈ పెడల్ పెట్టాక బొగ్గు బస్తా ఖాళీ అయ్యే తీరులోనే తేడా తెలిసింది. బ్లోయర్‌తో పాటు దీన్నీ కలిపి అమ్మే కంపెనీ ఏదైనా ఉంటే డబ్బు కాస్త ఎక్కువైనా కొనమనే చెబుతాను.

ఆ సందు ఎందుకంటే, రాతి బొగ్గు కొత్తగా వేసినప్పుడు దాని నుంచి మండే వాయువు వస్తుంది. గాలి పూర్తిగా ఆగిపోతే ఆ వాయువు గొట్టంలోకి వెనక్కి జారుతుంది. గాలి మళ్లీ ఇచ్చిన క్షణంలో ధడేలుమని పేలుతుంది. గొట్టం ఊడిపోయేంత, ఫ్యాను డొల్ల పగిలేంత బలం ఉంటుంది దానికి. సన్నగానైనా గాలి ముందుకు పోతూ ఉంటే ఆ బెడద ఉండదు. అయితే కరెంటు పోయినప్పుడు ఈ సందు ఏమీ చేయలేదు. మన పల్లెల్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరు చెప్పగలరు? అందుకే కొలిమి కింద గొట్టాన్ని ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో పెట్టి, అడుగున బరువు కట్టిన మూత బిగించాను. కరెంటు పోగానే మొదట చేసే పని స్విచ్ ఆపడం, రెండోది ఆ మూత తెరవడం. వాయువు బయటికి పోతుంది, బూడిదా రాలుతుంది. ఒకవేళ పేలినా ఆ దెబ్బ ఫ్యాను మీద కాకుండా మూత మీద పడుతుంది. పాత చక్రం ఫ్యాను కూడా అమ్మకుండా ఉంచుకున్నాను. పని సగంలో ఉండగా కరెంటు పోతే ఇప్పటికీ అదే ఆదుకుంటుంది.

గొట్టం విషయంలో ఒక హెచ్చరిక. నీళ్ల పైపు ముక్కలు చవకగా దొరుకుతాయని జింకు పూత ఉన్న గొట్టాన్ని నిప్పు దాకా పెట్టకండి. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కొలిమి నడిబొడ్డు దానికంటే వేడి. తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ పీల్చిన రాత్రి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. మలేరియా అనుకుని మందులు మింగినవారిని ఎరుగుదును. నిప్పు గుంటగా నేను వాడుతున్నది లారీ బ్రేక్ డ్రమ్ము. మందమైన పోత ఇనుము, తుక్కు దుకాణంలో కిలో లెక్కన దొరుకుతుంది. అడుగున చిల్లుల పళ్లెం మాత్రం కొన్నాళ్లకు కాలి వంగిపోతుంది, మారుస్తూ ఉండాలి.

బొగ్గుకు తగ్గట్టు గాలి మారాలి. సర్కారు తుమ్మ బొగ్గు తేలిక, తలుపు పూర్తిగా తెరిస్తే నిప్పురవ్వలై పైకప్పుకు ఎగురుతుంది. తాటాకు కప్పు కింద కొలిమి ఉన్నవారు ఈ మోటారు జోలికి పోకపోవడమే మేలు. రాతి బొగ్గుకు బలమైన గాలి కావాలి. కానీ మన గోదావరి లోయ బొగ్గు వేడికి కరిగి ముద్దకట్టి కోకుగా మారే రకం కాదు, బూడిదా ఎక్కువ. ఆ బూడిద ఎక్కువ గాలికి కరిగి చిట్టెంగా మారి చిల్లుల మీద చక్రంలా పేరుకుంటుంది. దీన్ని గుర్తుపట్టే గుర్తు ఒకటుంది. బ్లోయర్ మోత మామూలుగానే ఉంటుంది, మంట అంచుల వెంట లేస్తుంది, నడుమ మాత్రం నిప్పు మసకబారుతుంది. అప్పుడు కొత్తవారు ఇంకా గాలి ఇస్తారు. అలా చేస్తే చిట్టెం మరింత కరిగి చిల్లుల్లోకి దిగుతుంది. చేయాల్సింది గాలి తగ్గించి రెండు మూడు నిమిషాలు ఆగడం. చిట్టెం గట్టిపడుతుంది. కొక్కెం అడుగుకు పోనిచ్చి పైకి ఎత్తితే జిగటగా సాగకుండా పెచ్చులా ఒక్క ముక్కగా వస్తుంది. మధ్యాహ్నం అన్నానికి లేచి వచ్చాక ఈ పని చేయడం నాకు అలవాటు. అప్పటికి అది చక్కగా బిగుసుకుని ఉంటుంది.

ఇనుము కాలిపోవడం గాలి తెచ్చే మరో తంటా. బ్లోయర్ ఉంది కదా అని బొగ్గు పలుచగా వేసి, ఇనుమును గాలి చిల్లులకు దగ్గరగా పెడతారు. అక్కడ బొగ్గుతో మండిపోగా మిగిలిన గాలి ఇనుమును తినేస్తుంది. ఒక పక్క పసుపు, మరో పక్క ఎరుపు, పైనంతా మందమైన పొలుసు. దాగలి మీద పెట్టి కొడితే ఆ పొలుసు ఇనుములోకి అచ్చు దిగుతుంది. ఇంకాస్త ఆలస్యం చేస్తే ఇనుము కాకరపువ్వొత్తిలా చిటపటలాడుతుంది. ఆ ముక్కను నరికి పారేయాలి, ఎంత కొట్టినా బాగుపడదు. చిల్లులకూ ఇనుముకూ మధ్య కనీసం బెత్తెడు నిప్పు ఉండాలి, ఇనుము పైన మరో పొర బొగ్గు ఉండాలి. మెల్లగా కాలినా పరవాలేదు.

గొడ్డలి అంచుకు ఉక్కు అతికేటప్పుడు దీని విలువ బాగా తెలుస్తుంది. బ్లోయర్ కొత్తలో వెలిగారం (అతుకు పట్టడానికి చల్లే పొడి) ఎంత చల్లినా అతుకు విడిపోతోందని నాన్న విసుక్కునేవారు. చక్రం ఫ్యానుతోనే ఆ పని చేసేవారు. తలుపు పెట్టాక అదే బ్లోయర్‌తో అతుకు పడుతోంది. నిప్పు లోతుగా పేర్చి, పసుపు రంగు వచ్చేదాకా ఊది, చివర్లో గాలి బాగా తగ్గించి ఇనుమును కాసేపు నిప్పులోనే నాననివ్వాలి. వెలిగారం పైన నూనెలా తళతళలాడుతూ కదులుతున్నప్పుడు తీసి, మొదటి దెబ్బలు తేలిగ్గా వేయాలి.

పదును సంగతికి, అంటే ఇనుమును ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరిచే పనికి వద్దాం. "అన్నా, కొత్త గునపం, నాలుగు పోట్లకే ముక్కు వంగింది, పదును సరిగ్గా పెట్టలేదు నువ్వు" అంటూ వస్తారు రైతులు. వారు ఇచ్చింది ఇంటి స్లాబులో మిగిలిన కడ్డీ. "బావా, ఇందులో పదును పట్టే సరుకే లేదు" అంటే నమ్మరు. కట్టుబడి కడ్డీలో కర్బనం తక్కువ, ఎన్నిసార్లు నీళ్లలో ముంచినా అది అంతే. లారీ కమాను పట్టా అలా కాదు, అందులో అరశాతానికి పైగా కర్బనం ఉంటుంది, సిలికాన్ కూడా ఉంటుంది. దాన్ని నీళ్లలో ముంచితే టిక్కుమని పగుళ్లు వస్తాయి. నూనెలో ముంచాలి. నూనె కాస్త గోరువెచ్చగా ఉంటే చల్లదనం సమానంగా పడుతుంది. పాత ఇంజన్ ఆయిల్ కంపు, పొగ నాకు పడవు, మాడిన పామాయిల్ వాడతాను. తొట్టి ఇనుపదై ఉండాలి, మూత పక్కనే ఉండాలి.

ఈ పనిలో బ్లోయర్ నేర్వాల్సింది ఊరుకోవడం. గాలి ఊదుతూ ఉంటే సన్నటి అంచు ముందు వేడెక్కిపోతుంది, వెన్ను వెనకబడుతుంది. నిప్పును బాగా రాజేసి, పెడల్ మీది కాలు తీసి, ఉన్న వేడిలోనే కొడవలిని ముందుకూ వెనక్కూ జరుపుతూ రంగు సమానం చేసుకోవాలి. అయస్కాంతం అంటుకోవడం మానేసే వేడి 770 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. దానికి పిసరు పైన ముంచితే మామూలు ఉక్కుకు సరిపోతుంది. కళ్లను నమ్ముకునేవారు నీడలో చూడాలి, మిట్టమధ్యాహ్నం వెలుతురులో ఎరుపు మోసం చేస్తుంది. ముంచాక ఆకురాయితో ఒక చోట తెల్లగా రుద్ది, పెళుసుదనం తగ్గడానికి వెన్ను వైపు నుంచి మళ్లీ వేడి ఇస్తే గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం పాకుతూ వస్తాయి. కొడవలికి గోధుమ రంగు దగ్గర, సుత్తి దెబ్బలు తినే ఉలికి ఊదా దగ్గర ఆపేస్తాను.

మరమ్మతుల మాట. ఇన్నేళ్లలో పదేపదే పోయింది కెపాసిటర్. స్విచ్ వేస్తే మోటారు గుయ్యిమంటూ తిరగకపోతే అనుమానించాల్సింది ముందుగా దాన్నే. పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ అంకె చూసి అంతే ఉన్నది వేయాలి. బేరింగులు బొగ్గు దుమ్ముకు పాడవుతాయి, రెండు పక్కలా రబ్బరు మూతలున్నవి వేయించాక ఆ గొడవ తగ్గింది. రెక్కల మీద మసి అసమానంగా పేరుకుంటే డొల్ల వణుకుతుంది, పంట కోతల ముందు విప్పి తుడిస్తే చాలు. ఎర్తింగ్ తప్పనిసరి. చెమట చేతులతో, తడి నేల మీద, ఇనుము పట్టుకుని చేసే పని ఇది.

దీనితో నాకు పడనిది మోత. చక్రం ఫ్యాను రోజుల్లో నిప్పు చప్పుడు బట్టి వేడి తెలిసేది, పక్కనున్న మనిషి మాట వినబడేది. ఇప్పుడు అరవాలి. మోటారును గోడ అవతల పెట్టి గొట్టం లోపలికి తెచ్చాక కొంత నయం. దాగలిగా వాడే రైలు పట్టా ముక్క గణగణ కూడా చెవులకు చేటే. దాని తోక కింద పాత స్పీకరు అయస్కాంతం అంటించండి, ఆశ్చర్యపోతారు.

కొనేటప్పుడు దుకాణంలోనే స్విచ్ వేయించి చూడండి. అరచేతితో మూతి మూస్తే మోత మారాలి, మోటారు మాత్రం తడబడకూడదు. పావుగంట తిరగనిచ్చి ఆపాక డొల్ల మీద చెయ్యి పెట్టండి. చెయ్యి ఆనించలేనంత వేడి ఉన్నా, ఆగేటప్పుడు గరగర వినిపించినా దాన్ని అక్కడే వదిలేసి మరొకటి చూపించమనండి.