పాతకాలపు గౌనుకు ఏది మేలు: అంబ్రెల్లా కట్టా, కలీలా, కుచ్చులా?

"ఏందిమే ఇది? దీంట్లో నువ్వూ అదీ ఇద్దరూ కలిసి దూరచ్చు."

నేల మీద పరిచిన బట్ట మధ్యలో నేను కోసిన కంతను చూసి మా అమ్మ అన్న మాట ఇది. ముదురు నీలం పాప్లిన్ మీద తెల్ల చుక్కలు. నెల్లూరు చిన్నబజారులో నాలుగు కొట్లు తిరిగి తెచ్చిన అయిదు మీటర్లు. మా అక్క కూతురి నడుము 28 అంగుళాలు. అమ్మ మాట విన్నాక కంత చుట్టూ టేపు పెట్టి చూస్తే 56 వచ్చింది.

అక్కావాళ్లది ఒంగోలు. పిల్ల ఇక్కడ నెల్లూరులో డిగ్రీ చదువుతూ మా ఇంట్లోనే ఉంటోంది. కాలేజీ ఫేర్‌వెల్‌కు అందరూ పాతకాలం వేషంలో రావాలని అనుకున్నారట. సగం మంది బుట్ట చేతుల జాకెట్టూ రెండు జడలూ అని తేల్చుకుంటే, ఇది మాత్రం ఫోన్‌లో ఒక బొమ్మ తెచ్చి "పిన్నీ, నాకిది కావాలి" అంది. పై భాగం ఒంటికి అతుక్కుని, నడుము సన్నగా ఉండి, అక్కణ్నుంచి గొడుగులా విచ్చుకునే 1950ల నాటి గౌను అది. చిన్న కాలరు, ఎడమ పక్కన జిప్పు.

ఆ ఆకారానికి ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఐరోపాలో బట్టకు కరువొచ్చింది. బ్రిటన్‌లోనైతే బట్టల రేషన్ 1949 దాకా సాగింది. ఆడవాళ్లు కురచగా, ఇరుగ్గా కుట్టుకుని సరిపెట్టుకున్న ఆ రోజుల్లో, 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ అనే డిజైనర్ నడుము బిగించి, కింద మీటర్లకు మీటర్లు బట్ట పోసిన దుస్తులు చూపించాడు. దానికి న్యూ లుక్ అని పేరొచ్చింది. ఇంత బట్ట దండగ చేస్తారా అని అప్పట్లో తిట్టినవాళ్లూ ఉన్నారు. మా అమ్మ అక్కడ ఉంటే వాళ్ల పక్కనే నిలబడేది.

నడుము దగ్గర 28, అంచు దగ్గర నూరో నూటతొంభయ్యో. ఈ గౌను అందమంతా ఆ తేడాలోనే ఉంది. ఆ తేడాను బట్టలోకి తేవడానికి మనకు తెలిసిన దారులు మూడు: గుండ్రంగా కోసే అంబ్రెల్లా కట్, పైన సన్నగా కింద వెడల్పుగా ముక్కలు కోసి కలిపే కలీలు, తిన్నని బట్టను నడుము దగ్గర గుంజే కుచ్చులు. ఈ మూడూ నేను కుట్టాను. పాడుచేశాను కూడా. కాబట్టి నా మాటకు కాస్త విలువుంది.

ముందు అంబ్రెల్లా కట్. చూడ్డానికి దీన్ని కొట్టింది లేదు. నడుము దగ్గర ఒక్క ముడత ఉండదు, నీళ్లు జారినట్టు జారి కింద అలలు అలలుగా పడుతుంది. కాకపోతే కత్తెర పెట్టేముందు లెక్క సరిగ్గా రావాలి. నడుము కొలతను 6.28తో భాగిస్తే వచ్చేది, మధ్య బిందువు నుంచి గీత గీయాల్సిన దూరం. 28ని అట్లా భాగిస్తే సుమారు నాలుగున్నర అంగుళాలు. నేను 3.14తో భాగించాను. దాదాపు తొమ్మిది వచ్చింది. నిజానికి అది కంత అడ్డకొలత. అందులో సగం పెట్టి గీయాల్సింది పోయి, మొత్తం తొమ్మిదీ పెట్టి గీశాను.

బట్ట నాకు ముందే చెప్పింది, నేనే వినలేదు. పన్నా, అంటే బట్ట వెడల్పు, 44 అంగుళాలే కాబట్టి పూర్తి చక్రం ఒకే ముక్కలో రాదు, రెండు అరచక్రాలు కోసి కలపాలి. 26 అంగుళాల పొడవుకు నాలుగున్నర కలిపితే ముప్పయ్యిన్నర, అంటే రెండు అరచక్రాలకూ కలిపి 122 అంగుళాల బట్ట చాలు. నాకు 140 పట్టింది. కొట్లో అతను కొలిచిచ్చింది తక్కువేమోనని అనుమానించానే గానీ, నా భాగహారం మీద అనుమానం రాలేదు.

లెక్క సరిగ్గా వేసినవాళ్లు కూడా పడే గుంట ఇంకొకటుంది. నాలుగున్నర దగ్గర కోసి, అర అంగుళం వదిలి కుట్టు వేస్తే ఆ కుట్టు అయిదు దగ్గర పడుతుంది. నడుము 31 దాటుతుంది. పూర్తి చక్రంలో అర అంగుళం కిందికి జరిగితే నడుము మూడంగుళాలకు పైగా పెరుగుతుందన్నమాట. అందుకని నాలుగు దగ్గరే కోయాలి. చిన్న కంతను పెద్దది చేయొచ్చు, పెద్ద కంతను ఎవరూ ఏం చేయలేరు.

అనుకున్నాను గానీ, పెద్ద కంతకు కూడా దారి దొరికింది. మొదట, పోనీ గుంజి కుచ్చులు పోద్దామని, 56ను 28కి లాగి కచ్చా కుట్టు వేసి పిల్లకు తొడిగి చూశాం. పాప్లిన్ ఎంత పలచనైనా నడుము చుట్టూ దిండు కట్టుకున్నట్టు తేలింది. గుండ్రంగా కోసేదే నడుము దగ్గర ముడత రాకుండా ఉండాలని. అక్కడే కుచ్చులు పోస్తే ఇక కోసి లాభమేంటి? పిల్ల అద్దంలో చూసుకుని ఏమీ అనలేదు. అది ఏమీ అనలేదంటే నచ్చలేదని.

రెండో ఉపాయం రాత్రి పడుకున్నాక తట్టింది. తొమ్మిది అంగుళాల దూరంలో గీసిన పూర్తి చక్రం 56 అయితే, అందులో సగం 28. అంటే నేను కోసిన రెండు అరచక్రాల్లో ఒక్కటి చాలు! తెల్లారి రెండో దాన్ని పక్కన పెట్టేసి ఒక్కదానితోనే మొదలుపెట్టాను. కుట్టు అర అంగుళం కిందికి పడటంతో నడుము దాదాపు ముప్పయ్యింది. జిప్పు వచ్చే పక్కన రెండు వైపులా ముప్పావు అంగుళం చొప్పున మడిచేస్తే 28కి దగ్గరపడింది. అంచు మాత్రం తగ్గింది. అనుకున్నట్టు కుట్టుంటే కింది చుట్టు 190 అంగుళాలుండేది, ఇప్పుడు 110. గిరగిరా తిరిగితే గొడుగులా లేవదు, నడిస్తే చక్కగా ఊగుతుంది. లోపల గంజి పెట్టిన నూలు పావడా వేస్తే ఆ లోటూ సగం తీరింది. గౌను ఉబ్బుగా నిలబడేందుకు లోపల వేసే నెట్టు పావడా, క్యాన్‌క్యాన్, కొందామంది పిల్ల. నెల్లూరు ఎండలో ఆ నెట్టు గుచ్చుకుంటూ ఎంతసేపు నిలబడతావే అంటే ఊరుకుంది.

అంతటితో గండం గడిచిందనుకుంటే, ఇంకో తప్పు చేశాను. ఫేర్‌వెల్ దగ్గర పడుతోందన్న టెన్షన్‌లో ఆ సాయంత్రమే అంచు మడిచి కుట్టేశాను. గుండ్రంగా కోసిన బట్టలో కొంత భాగం నూలుకు తిన్నగా వేలాడుతుంది, కొంత భాగం క్రాస్‌లో, అంటే నూలుకు ఏటవాలుగా, వేలాడుతుంది. క్రాస్‌లో పడ్డచోట బట్ట తన బరువుకు తనే సాగుతుంది. తెల్లారి చూస్తే పక్కల ఒక పొడవు, ముందూ వెనకా అంగుళం పావు ఎక్కువ పొడవు. అమ్మ గుమ్మంలో వెలుగుకు కూర్చుని, బ్లేడు ముక్కతో నాలుగు కుట్లకొకటి తెంపుతూ, రెండో వైపు నుంచి దారం పట్టి సర్రున లాగుతూ ఆ 110 అంగుళాల కుట్టూ విప్పింది. మాటల్లేవు, దారం శబ్దమే. తర్వాత గౌనును రెండు రాత్రులు హ్యాంగర్‌కు వేలాడదీశాం. అప్పుడు పిల్లకు తొడిగి నిలబెట్టి, నేల మీద స్కేలు నిలువుగా పెట్టి, చుట్టూ తిరుగుతూ చాక్‌తో గుర్తులు పెట్టి కోశాను. గుండ్రటి అంచును వెడల్పుగా మడవకూడదు, ముడతలు పడుతుంది. పావు అంగుళం మడత చాలు, లేదంటే క్రాస్ పట్టీ వేసుకోవాలి.

కలీల సంగతి వేరు. నిరుడు దసరాకు ఎదురింటి పాపకు ఎనిమిది కలీల లంగా కుట్టాను. ఆ పద్ధతిలో ఈ గౌనైతే ఒక్కో కలీ పైన మూడున్నర అంగుళాలు, కుట్లకు ఒక అంగుళం కలిపి నాలుగున్నర. కింద పదిహేను పెడితే కుట్లు పోగా చుట్టు 112 వస్తుంది. నా అరచక్రం కంటే రెండు అంగుళాలు ఎక్కువే. ఒక కలీ నిటారుగా, పక్కది తలకిందులుగా పెట్టి కోస్తే ముక్క వృథా కాదు. చుక్కల బట్టకు అది చెల్లుతుంది గానీ, ఒకే వైపుకు మొగ్గలున్న పూల బట్టకు చెల్లదు. సగం పూలు తలకిందులై వేలాడతాయి.

కలీల్లో నాకు నచ్చేది, అవి తప్పును క్షమిస్తాయి. నడుము రెండు అంగుళాలు వదులైందా, ఎనిమిది కుట్లలో ఒక్కోదాన్నీ అరపావు అంగుళం లోపలికి తీసుకుంటే సరి, రెండు ముక్కల్లోంచీ కలిపి కుట్టుకు పావు పోతుంది, బయటికి తెలియదు. బిగుతైతే అట్లాగే వదలొచ్చు. కాకపోతే ఇదే గుణం ఎదురూ తిరుగుతుంది. కుట్టేటప్పుడు చెయ్యి వణికి ప్రతి కుట్టులో పావు పావు పోతే మొత్తం రెండు అంగుళాలు పోతాయి. పైగా నిలువునా ఎనిమిది పొడుగాటి కుట్లు, ప్రతిదానికీ నూలు ఊడకుండా ఓవర్‌లాక్. మా అమ్మ పాత ఉషా మిషను కాలితో తొక్కేది, దానికి ఓవర్‌లాక్ లేదు. బయట చేయించుకు రావాల్సిందే. మొదటిసారి ఈ రకం గౌను కుట్టేవాళ్లు ఎవరైనా నన్నడిగితే, కొత్త బట్టకు కలీలే అంటాను. మా వీధి చివర టైలరైతే అడక్కుండానే "ఆరు కలీలు వేద్దాం లేమ్మా" అంటాడు. గుండ్రంగా కోసి రెండు రాత్రులు వేలాడదీసే ఓపిక ఆయనకెక్కడిది, దసరా ముందు!

ఇక కుచ్చులు. ఇది మా అమ్మ పక్షం.

అమ్మ దగ్గర పాత వెంకటగిరి నూలు చీరలు రెండున్నాయి. 2022 నుంచి వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా ఇంట్లో అది ఇంకా మన ఊరే, మన చీరే. కోవూరు పక్క పాటూరు నేత చీర కూడా ఒకటుంది. గౌనుకు బట్ట కొనకముందు వాటిలో ఒకటి కోద్దామని నేనంటే అమ్మ ఒప్పుకోలేదు. చీర మీద ప్రేమ కొద్దీ అనుకున్నాను. కారణం అది కాదట. "గుండ్రంగా కోస్తే అంచేమైద్ది?" అంది.

నిజమే. నేత చీరకు అందం అంచులో ఉంది. అంచు తిన్నగా పోతుంది, చక్రం వంకరగా తిరుగుతుంది. గుండ్రంగా కోస్తే అంచు పోయినట్టే. దాన్ని కోసి మళ్లీ చక్రం కింద అతికిద్దామంటే జరీ పట్టీ వంపు తిరగక ముడుచుకుంటుంది. కలీల్లోనూ ఇదే తంటా, ఏటవాలు ముక్కల కింద అంచు విరిగి విరిగి కలుస్తుంది. ఒక్క కుచ్చుల్లోనే బట్ట తిన్నగా ఉండి, అంచు గౌను చుట్టూ ఒకే గీతలా తిరుగుతుంది. అంచున్న మన పరికిణీలు ఎక్కువగా కుచ్చులతోనే ఎందుకు ఉంటాయో అప్పుడు అర్థమైంది.

లెక్క కూడా అమ్మే వేసింది, వేళ్ల మీద. చీర వెడల్పు 46 అంగుళాలనుకుంటే, కింది అంచు నుంచి 26 కోస్తే గౌను కింది భాగం. మిగిలిన 20 అంగుళాల పొడుగాటి పట్టీలో పై భాగం, కాలరు వస్తాయి. ఆ పట్టీకున్న రెండో అంచు చేతులకు. పమిట ముట్టుకునే పనే లేదు. పాప్లిన్ నడుముకు రెండింతలకే దిండులా తేలింది గానీ, వెంకటగిరి పలచదనానికి నాలుగింతలు, అంటే 112 అంగుళాలు, గుంజినా తేలదు. అన్నిటికీ మించి, కుచ్చులు విప్పితే అది మళ్లీ తిన్నని బట్ట. రేపు ఇంకొకటి కుట్టుకోవచ్చు.

కుచ్చులకూ కష్టాలున్నాయి. పెద్ద కుట్టు పెట్టి రెండు వరసలు వేసి, అడుగు దారాలు రెండూ కలిపి లాగాలి. 112 అంగుళాలూ ఒకే వరసగా వేస్తే చివరి నాలుగంగుళాల దగ్గర పుటుక్కున తెగుతుంది. నాకు తెగింది కాబట్టి చెప్తున్నా. నాలుగు భాగాలు చేసి విడివిడిగా లాగితే మేలు. పాత చీరైతే ముందు వెలుగుకు పట్టి చూడాలి. బీరువాలో ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చీర ఆ మడత దగ్గరే చివుకుతుంది. రెండు చేతులతో మెల్లగా లాగితే చిరిగే చీరకు లైనింగ్ వేసినా దండగే. ఇంకో సంగతి, బొమ్మలో ఉన్నట్టు నడుము సన్నగా కత్తిరించినట్టు కనపడటం కుచ్చుల్లో రాదు. ఆ ఒక్కదానికీ అంబ్రెల్లానే.

పిల్ల ఆ చుక్కల గౌను వేసుకుని ఫేర్‌వెల్‌కు పోయింది, ఫోటోలూ వచ్చాయి. ఫోటోలు చూసి అక్క ఒంగోలు నుంచి ఫోన్ చేసి, వేసవి సెలవులకు దానికి ఇంకొకటి కుట్టమంది. బట్టకు చీరాల పోతానంది. ఒద్దు, అమ్మ పాటూరు చీర తీసి ఎండకు వేసిందని చెప్పాను.

రెండో అరచక్రం మిషను మీద అట్లాగే పడుంది. 28 నడుము మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. నా 36కి సరిపోవాలంటే పైనుంచి ఇంకో రెండున్నర అంగుళాలు గుండ్రంగా కోయాలి, కుట్టు అర అంగుళం కిందికి పడుతుందని గుర్తుపెట్టుకుంటే రెండే.

"రెండే కొయ్యి," అంది అమ్మ.