ఆఫ్రికా కాఫీ: క్యాప్సూలా, గింజలా? బెంగళూరు ఇంట్లో ఏది మేలు?

ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో కాఫీ అంటే చిక్కటి డికాక్షన్‌లో కాగిన పాలు పోసుకోవడమే అయితే ఆఫ్రికా కాఫీ క్యాప్సూళ్లు (ఒక కప్పుకు సరిపడా పొడి నింపి సీలు వేసిన, మిషన్లో పెట్టే చిన్న డబ్బీలు), గింజలు, ఈ రెండింటిలో ఏదీ కొనకండి. ఇథియోపియా యిర్గచెఫెలోని మల్లెపూల వాసన, కెన్యా గింజలోని పండ్ల పులుపు పాలు పడగానే అణగిపోతాయి. ఆ కప్పుకు చిక్కమగళూరు పీబెర్రీయో, అరకు గింజో, కాస్త చికోరీతో సరిపోతుంది. ఊరి నుంచి అమ్మానాన్న వస్తే మా మారతహళ్లి ఇంట్లో అదే.

పాలు లేకుండా తాగేవాళ్ల సంగతి వేరు. క్యాప్సూల్ బలమంతా దాని సీలులో ఉంది. పొడి చేసిన కాఫీకి గాలి తగిలితే కొద్ది రోజుల్లోనే వాసన పోతుంది. డబ్బీ అల్యూమినియం గాలిని, వెలుతురును, తేమను లోపలికి రానివ్వదు కాబట్టి నెలల తరబడి నిలవుంటుంది. వారానికి ఒకటి రెండు కప్పులు తాగేవాళ్లకు పావుకిలో సంచి కన్నా ఇదే మేలు.

రోజూ తాగేవాళ్లకైతే నేను గింజలే కొనమంటాను. చిన్న క్యాప్సూల్లో పట్టేది 5, 6 గ్రాముల పొడే. రేటును కప్పుకు కాకుండా గ్రాముకు లెక్కేసి చూడండి, తేడా తెలుస్తుంది. కెన్యా ఏఏ అన్న పేరు చూసి ఎక్కువ పెట్టకండి, అది గింజ సైజు మాత్రమే. ఇక రుచి. మిషన్ ఒత్తిడితో అరనిమిషంలో తీసే 40 మిల్లీలీటర్లలో చిక్కదనం ఎక్కువ, పూల వాసన తక్కువ. లేత రంగులో వేయించిన ఇథియోపియా గింజలను అప్పటికప్పుడు పొడి చేసి, 15 గ్రాములు పేపర్ ఫిల్టర్లో వేసి, మూడు నిమిషాల పాటు సన్నధారగా నీళ్లు పోస్తే ఆ వాసన బయటికొస్తుంది. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చల్లారే దాకా ఆగక్కర్లేదు, వెంటనే పోసేయొచ్చు. ఈ పద్ధతిలో మిషనే లేదు కాబట్టి, బోరు నీళ్ల అపార్ట్‌మెంట్లలో దాని లోపల సున్నం పేరుకునే బాధా ఉండదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చెత్త. పాత అల్యూమినియాన్ని కరిగించడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీసేందుకు పట్టే శక్తిలో సుమారు 5 శాతం చాలు. కానీ క్యాప్సూల్ ఆ కొలిమి దాకా చేరాలి కదా! బెంగళూరులో తడి చెత్త, పొడి చెత్త విడిగా ఇవ్వాలి. వాడిన క్యాప్సూల్లో పైన రేకు పొడి చెత్త, లోపలి పిప్పి తడి చెత్త. అలాగే పారేస్తే ఏరేవాళ్లకు అది బూజు పట్టిన ముద్ద. మన చెత్త ఇక మోయలేమని, బెంగళూరు చెత్తను తెచ్చి పోసిన మండూరు జనం 2014లో రోడ్డెక్కారు, అది మరవకూడదు. మట్టిలో కలిసిపోతాయని అమ్మే పీఎల్‌ఏ (మొక్కల పిండి నుంచి చేసే ప్లాస్టిక్) క్యాప్సూళ్లకు కూడా 60 డిగ్రీల దాకా వేడెక్కే కంపోస్టు యూనిట్ కావాలి, బాల్కనీ కుండీ చాలదు.

మిషన్ ఇప్పటికే ఇంట్లో ఉందా? కొత్త పెట్టె కొనేముందు, వాడినవి మన ఏరియా నుంచి వెనక్కి తీసుకుంటారా అని అడగండి. తీసుకోం అంటే మూత రేకు చించి, పిప్పి కంపోస్టులో వేసి, కడిగిన రేకును పొడి చెత్తలో ఇవ్వండి. అంత ఓపిక లేకపోతే మళ్లీ మళ్లీ నింపుకునే స్టీలు క్యాప్సూల్ తీసుకోండి. మీ మిషన్‌కు సరిపోయేదేనా చూసుకుని, పొడి మాత్రం సన్నగా పట్టించండి.