సోలార్ వేడినీళ్ల లైనుకు ఏ పైపు మేలు: అర అంగుళమా, ముప్పావా, అంగుళమా?

మేడ మీది సోలార్ హీటర్ నుంచి వేడినీళ్లు దించేటప్పుడు ధార బాగా రావాలని చాలామంది అంగుళం పైపే వేయించుకుంటారు. ధార మాట నిజమే. కానీ రాత్రంతా ఆ పైపులో చల్లారిన నీళ్లన్నీ పోతేగాని పొద్దున షవర్‌లో వేడి తగలదు. అందుకే పైపు కొనేముందే అందులో ఎన్ని నీళ్లు నిలుస్తాయో లెక్క వేసుకోవాలి.

లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకోండి. దాన్ని దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని 0.785తో హెచ్చవేస్తే మీటరు పైపులో పట్టే నీళ్లు మిల్లీలీటర్లలో వస్తాయి. తప్పు జరిగేదల్లా వ్యాసం దగ్గరే. వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు సీపీవీసీ. దాని మీద ఉండే ఎస్‌డీఆర్ అంకె అంటే బయటి వ్యాసం గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పేది. ఎస్‌డీఆర్ 11 సీపీవీసీలో అంగుళం పైపు బయటి వ్యాసం 28.6 మి.మీ., గోడ మందం సుమారు 2.8. గోడ రెండు వైపులా ఉంటుంది కాబట్టి రెండుసార్లు తీసేయాలి. లోపల మిగిలేది 23. అంటే మీటరుకు 415 మి.లీ. పేరులో అంగుళం ఉంది కదా అని 25.4 వేస్తే 506 వస్తుంది, బయటి వ్యాసం వేస్తే ఏకంగా 642. ముప్పావు పైపు లోపలి వ్యాసం సుమారు 18, మీటరుకు 254 మి.లీ. అర అంగుళానిది 12, మీటరుకు 113. ఎస్‌డీఆర్ 13.5 రకానికి గోడ పలచన, కాస్త ఎక్కువ పడతాయి. అనుమానముంటే ముక్క కోసి వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాల దాకా కొలిచే పరికరం) కొలవండి.

హీటర్ నుంచి షవర్‌కు 15 మీటర్ల లైను, షవర్ నిమిషానికి 6 లీటర్లు అనుకుందాం. అంగుళం పైపులో 6.2 లీటర్లు నిలుస్తాయి, నిమిషం పైగా ఆగాలి. ముప్పావులో 3.8 లీటర్లు, 38 సెకన్లు. అర అంగుళంలో 1.7 లీటర్లు, 17 సెకన్లే. పైపు గోడ కూడా వేడెక్కాలి కాబట్టి నిజానికి ఇంకాస్త పడుతుంది. స్నానం అయ్యాక లైను నిండా ఉన్న వేడినీళ్లు మళ్లీ పైపులోనే చిక్కుకుని చల్లారతాయి. 100 లీటర్ల హీటర్‌కు ప్రతిసారీ 6 లీటర్ల నష్టం చిన్నదేం కాదు.

అలాగని లైనంతా అర అంగుళం వేస్తే పై అంతస్తులో ధార చచ్చిపోతుంది. షవర్‌కు ఒత్తిడి వచ్చేది ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో దాన్నిబట్టే, అందుకే దాన్ని మీటర్లలో చెబుతారు. ఆ 15 మీటర్ల పైపులో రాపిడికే సుమారు 1.3 మీటర్ల ఎత్తు ఇచ్చే ఒత్తిడి పోతుంది, ఎల్బోల (మలుపు ముక్కల) దగ్గర పోయేది అదనం. ట్యాంకు నీటిమట్టం షవర్‌కు 3 మీటర్ల ఎత్తులోనే ఉంటే దాదాపు సగం అక్కడే ఖర్చు. ముప్పావులో పోయేది 18 సెంటీమీటర్లే. అంగుళంలో 5 లేదా 6. ముప్పావు నుంచి అంగుళానికి వెళ్తే మిగిలేది పన్నెండు, పదమూడు సెంటీమీటర్ల ఒత్తిడి. దానికోసం పూటపూటా రెండున్నర లీటర్లు పారబోయడం దండగ.

కాబట్టి ఒక బాత్‌రూమ్‌కైతే ముప్పావే వేయండి, చివరి మీటరు, మీటరున్నర మాత్రం అర అంగుళం. రెండు షవర్లు ఒకేసారి తిప్పే ఇంట్లో ముప్పావులో నష్టం 65 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అక్కడ లైను రెండుగా చీలే చోటు వరకు అంగుళం, ఆ తర్వాత ముప్పావు. కింది అంతస్తుకు విడి లైనుంటే ఎత్తు ఎక్కువ కాబట్టి అర అంగుళమే సరిపోతుంది.

ఏది వేసినా పైపుకు నల్ల ఫోమ్ గొట్టం తొడిగించండి. అరగంట తర్వాత స్నానానికి వెళ్లేవాళ్లకు లైనులోని నీళ్లు ఇంకా వేడిగానే ఉంటాయి.