పిల్లల పుస్తకాల తుది జాబితా: ఓట్లా, ఒకే కమిటీయా, రెండు అంచెలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో పుస్తకాల గురించి బ్లాగుల్లో రాసే తెలుగువాళ్ళు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. నిరుడు వచ్చిన బాలల పుస్తకాల్లోంచి మనమే ఐదారు ఏరి బహుమతికి నిలబెట్టాలంటే ఏ పద్ధతి మేలు?

సాహిత్య అకాదెమీ బాల సాహిత్య పురస్కారం ఉందిగా అంటారు కొందరు. ఉంది, 2010 నుంచి. ఏటా భాషకు ఒకరికి 50,000 రూపాయలు, తామ్రఫలకం. మంచిదే. అయితే పదేళ్ళ కూతురికి ఏం కొనాలో తోచని అమ్మకు ఒక్క పేరు చాలదు. చేతిలో పెట్టుకుని కొట్టుకి వెళ్ళడానికి ఐదారు పుస్తకాల జాబితా కావాలి. అందుకే విజేత ఎవరన్నదానికంటే ఆ జాబితా ఎలా తయారైందన్నదే నా దృష్టిలో అసలు సంగతి.

ఫేస్‌బుక్‌లో పోల్ పెట్టడం అన్నిటికంటే తేలిక. ఖర్చు లేదు, సందడి బోలెడు. అక్కడ లెక్కకొచ్చేది రచయితకు ఎంతమంది స్నేహితులున్నారన్నదే. గుణుపురంలో ఎవరో సొంత డబ్బుతో మూడొందల కాపీలు వేసుకుంటే, ఓటేసేవాళ్ళలో ఆ పుస్తకం అట్ట చూసినవాళ్ళు కూడా ఉండరు. పేర్లు పంపమని జనాన్ని అడగండి, అంతవరకే. పిల్లల చేతే ఓటు వేయిద్దామనే మాట కూడా వస్తుంది. తుది జాబితా వచ్చాక బాగుంటుంది, అంతకుముందు కుదరదు. అరవై పుస్తకాలు ఏ పిల్లలు చదువుతారు?

ఇక అసలు పోటీ ఒకే కమిటీకీ, ముందు కొన్ని ఏరి ఆ తర్వాత వాటిలోంచి విజేతను ఎంచే రెండు అంచెలకీ మధ్య.

ఒకే కమిటీకి గట్టి ఉదాహరణ 1922 నుంచి అమెరికాలో బాలల పుస్తకానికి ఇస్తున్న న్యూబెరీ పతకం. కమిటీలో 15 మంది. ఒక్కొక్కరు మూడు పుస్తకాలకు ఓటేస్తారు. మొదటిదానికి 4 పాయింట్లు, రెండోదానికి 3, మూడోదానికి 2. గెలవాలంటే కనీసం 8 మంది దాన్ని మొదటి స్థానంలో పెట్టాలి, పైగా తర్వాతి పుస్తకం కంటే 8 పాయింట్లు ఎక్కువ రావాలి. అంత తేడా లేకపోతే మళ్ళీ చర్చ, మళ్ళీ ఓటు. అందరికీ ‘పరవాలేదు’ అనిపించిన పుస్తకం దొడ్డిదారిన గెలవకుండా కట్టిన గట్టు ఇది.

ఈ పద్ధతి మనకు చదువు దగ్గర బెడిసికొడుతుంది. 60 పుస్తకాలు, ఐదుగురు సభ్యులు అనుకోండి. అందరూ అన్నీ చదవాలంటే 300 చదువులు. ఉద్యోగాలు చేసుకుంటూ ఎవరూ చదవరు. పేరున్న పది పుస్తకాలు అందరూ చదువుతారు, మిగతావాటిని గొంతు పెద్దదైన ఒకరు ‘అబ్బే’ అంటే ఇంకెవరూ తెరవరు.

2006లో అమెరికాలో బాలల పుస్తకాల బ్లాగర్లు మొదలుపెట్టిన సిబిల్స్ అవార్డులది వేరే దారి. అక్టోబరు 1 నుంచి 15 దాకా ఎవరైనా ఒక్కో విభాగానికి ఒక్కో పుస్తకం పేరు పంపవచ్చు. మొదటి ప్యానెల్ వాటిని చదివి ఐదు నుంచి ఏడు ఏరుతుంది, జనవరి 1న ప్రకటిస్తారు. విజేతను ఎంచేది వేరే ప్యానెల్. వాళ్ళు ఆ కొద్ది పుస్తకాలే చదివి తేల్చాక ఫిబ్రవరి 14న ఫలితం. కొలతలు రెండే: రచన నాణ్యత, పిల్లలకు నచ్చే గుణం.

నేను రెండు అంచెల వైపే మొగ్గుతాను. చదవకుండా ఏ పుస్తకమూ రాలిపోకూడదన్న నియమాన్ని ఇందులోనే నిలబెట్టగలం. ఒక్కో పుస్తకాన్ని కనీసం ఇద్దరు పూర్తిగా చదివితే చాలనుకుంటే 120 చదువులు, మనిషికి 24. మే 1–15 మధ్య పేర్లు తీసుకుంటే ఆగస్టు 1 లోపు పదకొండు వారాలుంటాయి. వారానికి రెండు కాస్త దాటుతాయి. బొమ్మల పుస్తకాలైతే ఒక్క సాయంత్రం పని. అప్పుడు 12 మిగుల్చుకుని, చదవనివాళ్ళు కూడా వాటిని చదవాలి, మనిషికి సుమారు ఏడు. ఆగస్టు 29న తుది జాబితా. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు వారి పుట్టినరోజు, ఇంతకంటే తగిన రోజు మనకేది? విజేతను నవంబరు 14న చెప్పొచ్చు.

మొదటి అంచెలో మార్కులు వేయకండి. ఒకరి 6 ఇంకొకరికి 8. చేయి బిగువు సభ్యుడి వాటాకు పడ్డ పుస్తకాలన్నీ సగటులో మునిగిపోతాయి. షీట్‌లో ‘తప్పక’, ‘చూద్దాం’, ‘వద్దు’ అని మూడే గడులు పెట్టి, పక్కన రెండు వాక్యాల కారణం అడగండి. ఇద్దరిలో ఒకరు ‘తప్పక’, ఒకరు ‘వద్దు’ అంటే మూడో మనిషి చదవాలి. మంచి పుస్తకాలు తరచూ ఈ తగువులోంచే బయటపడతాయి.

పిల్లలకు నచ్చే గుణాన్ని ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే పిల్లలకు కథ అర్థమవుతుంది, అక్షరం ఆపేస్తుంది. వరుసల మధ్య చోటు తక్కువైతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది, ‘స్త్ర’ లాంటిది నల్ల మచ్చలా కనిపిస్తుంది. ఆరేడేళ్ళవాళ్ళకు అక్షరం 16 పాయింట్లకు తగ్గితే కష్టం. ఒక పేజీ చదివి వినిపించి, రెండో పేజీ వాళ్ళనే చదవమనండి. మూడోది వాళ్ళంతట వాళ్ళు తిప్పారా లేదా అన్నది షీట్‌లో రాయండి. అందుకే పీడీఎఫ్ చూసి ‘తప్పక’ అనడానికి లేదు, అచ్చు కాపీ చేతిలో ఉండాలి. ప్రచురణకర్తలను పుస్తకానికి రెండు కాపీలు అడగండి, తుది జాబితాకెక్కితే ఇంకో మూడు.

తెలుగు పుస్తక లోకం చిన్నది, ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. రచయిత, చిత్రకారుడు, ప్రచురణకర్త బంధువైనా మిత్రుడైనా ఆ సభ్యుడు ఆ పుస్తకం మీద నోరు మెదపకూడదు. ఉచితంగా వచ్చిన కాపీ అయితే ఆ మాట బ్లాగులో రాయాలి. టీనేజీ విభాగానికి పది పేర్లు కూడా రాకపోతే ఆ ఏటికి దాన్ని విడిగా పెట్టకండి.

రెండో అంచెలో న్యూబెరీ లెక్కను అరువు తెచ్చుకోండి. ఐదుగురిలో కనీసం ముగ్గురి మొదటి ఎంపిక కావాలి, తర్వాతిదాని కంటే మూడు పాయింట్లు ఎక్కువ రావాలి. రాకపోతే అట్టడుగున ఉన్నదాన్ని తీసేసి మళ్ళీ ఓటేయాలి.