లఫ్‌రిగ్ కొండకు పదిహేడోసారి

"మళ్లీ అదే కొండా? నీకు ఇంకోటి దొరకలేదురా?" అన్నాడు ఫోన్‌లో నాన్న.

దొరక్క కాదు. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో కొండలకేం కరువు? దేశంలోకెల్లా ఎత్తయిన స్కాఫెల్ పైక్, 978 మీటర్లది, అక్కడే ఉంది. కానీ నేనుండేది ప్రెస్టన్‌లో. నాకు ఖాళీ దొరికేది నెలకు రెండు శనివారాలు. ఆంబుల్‌సైడ్ ఊరిని ఆనుకుని ఉన్న లఫ్‌రిగ్ ఆ ఖాళీకి సరిగ్గా సరిపోతుంది. ఎత్తు 335 మీటర్లే. ఇక్కడివాళ్లు కొండను ఫెల్ అంటారు, దాని మీద పరుగు ఫెల్ రన్నింగ్. నాది పరుగనడం కొంచెం అతిశయోక్తే. ఎక్కేటప్పుడు నడక, చదునుగా ఉన్నచోట పరుగు, దిగేటప్పుడు దేవుడి మీద భారం.

ప్రెస్టన్‌లో రైలెక్కి ఆక్సెన్‌హోమ్‌లో దిగి, అక్కడ విండర్‌మియర్ వెళ్లే చిన్న రైలు పట్టుకోవాలి. స్టేషన్ బయటే 555 నంబరు బస్సు. పైఅంతస్తులో ముందు సీటు దొరికితే టికెట్ డబ్బులు అక్కడే గిట్టుబాటు. కారులో రెండుసార్లు వెళ్లి మానేశాను. శనివారం పార్కింగ్ వెతుక్కునే టెన్షన్‌తో పోలిస్తే బస్సే నయం. అయితే చిన్న రైలు రద్దయి, ఆక్సెన్‌హోమ్ ప్లాట్‌ఫారం మీద ఈదురుగాలిలో గంటంబావు నిలబడ్డ రోజూ ఉంది. అప్పట్నుంచి తిరుగు ప్రయాణంలో ఒక గంట అదనంగా పెట్టుకుంటున్నాను.

నా దారి ఎప్పుడూ ఒకటే. రోథే పార్కు దాటి, రాతి వంతెన మీదుగా నిటారు తారు రోడ్డు ఎక్కితే ఒక గేటు వస్తుంది. అక్కడ వాచీ నొక్కుతాను. శిఖరం, అటువైపు గ్రాస్‌మియర్ సరస్సు మీదున్న బాట, రైడల్ గుహ, మళ్లీ కొండవాలు ఎక్కి అదే గేటు. అంతా కలిపి సుమారు 10 కిలోమీటర్లు, 400 మీటర్ల ఎక్కుడు. నేస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఒకటుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆ ప్రకారం నాకు 2 గంటల 40 నిమిషాలు పట్టాలి. ఎండు నేల మీద 1 గంట 50 నిమిషాల్లో వచ్చిన రోజుంది, 3 గంటలు దాటిన రోజూ ఉంది. అదే కాళ్లు, అదే కొండ.

ఆ తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకోవడానికే రాసుకోవడం మొదలుపెట్టాను. వాచీ సగమే చెబుతుంది. అందులో ఎత్తు కొలిచేది గాలి పీడనాన్ని బట్టి. ఒక రోజు బయల్దేరినప్పుడు గేటు ఎత్తు 112 చూపించింది, తిరిగొచ్చేసరికి అదే గేటు 137. గేటు ఎదగలేదు, పీడనం పడిపోయింది. ఒక్క మిల్లీబారు తగ్గితే వాచీ మనల్ని సుమారు 8 మీటర్లు పైకెత్తేస్తుంది. మొదట్లో విసుక్కున్నాను గానీ, ఇప్పుడు ఆ తేడానే ముందు రాసుకుంటాను. వాన రాబోతోందని దానికంటే బాగా ఎవరు చెబుతారు? టచ్ స్క్రీన్‌ను మాత్రం లాక్ చేసి ఉంచాలి. ఒకసారి వాన చినుకులే బటన్ నొక్కి నా పరుగును సగంలో ముగించేశాయి.

మిగతా సగం జేబులోని చిన్న పుస్తకంలో, పెన్సిల్‌తో. పెన్ను సిరా తడికి పాకిపోతుంది. మబ్బు అడుగు ఎక్కడుంది, గాలి ఎటునుంచి, కాలికింద ఏముంది, ఏం వేసుకున్నాను. వానకు మాత్రం మన మాటలే పనికొచ్చాయి: తుంపర, జల్లు, ముసురు. ముసురు అనే మాట ఈ ప్రాంతం కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

పదకొండోసారి దారి తప్పాను. లఫ్‌రిగ్ పైభాగమంతా చిన్న చిన్న గుట్టలు, మడుగులు, ఎటుపడితే అటు కాలిబాటలు. మబ్బు దిగితే అన్నీ ఒకేలా ఉంటాయి. ఫోన్ చలికి చచ్చిపోయింది. దిక్సూచి ఉంది, సంచి అడుగున, పులిహోర డబ్బా కింద. గ్రాస్‌మియర్ అనుకుని దిగి దిగి రోడ్డెక్కితే బోర్డు మీద ఎల్టర్‌వాటర్ అని ఉంది. పూర్తిగా అవతలి పక్క. ఇప్పుడు దిక్సూచి మెడలో, ఈ ప్రాంతపు ఓఎల్7 నంబరు మ్యాపు పై జేబులో.

బస విషయానికొస్తే, ఒక గెస్ట్‌హౌస్‌లో పరుపు మెత్తన, టిఫిన్ ఘనం. కానీ తడి బూట్లు బయట వాకిట్లో పెట్టమన్నారు. రాత్రి మళ్లీ వాన. పొద్దున బూట్లు వంచితే నీళ్లు కారాయి. ఇప్పుడు సరస్సు ఒడ్డున ఉన్న యూత్ హాస్టల్‌కే నా ఓటు. బంకు మంచం, పక్కవాళ్ల గురక, అన్నీ ఉంటాయి. కానీ బట్టలు ఆరబెట్టే వేడి గది ఉంది. ఆ వాసన మాట అడక్కండి. వంటగదిలో ఉప్మా కూడా చేసుకోవచ్చు.

పెద్ద కొండలు కావాలంటే మాత్రం కెస్విక్‌లో దిగడం మంచిది. 931 మీటర్ల స్కిడా ఊరి నుంచే మొదలవుతుంది, వాతావరణం బాగోకపోతే 368 మీటర్ల లాట్రిగ్‌తో సరిపెట్టుకోవచ్చు. 1932లో బాబ్ గ్రాహం అనే గెస్ట్‌హౌస్ యజమాని 24 గంటల్లోపు 42 శిఖరాలు చుట్టొచ్చిన పరుగు అక్కడి మూట్ హాల్ అనే పాత భవనం మెట్ల దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ మెట్ల దగ్గర నిలబడి నేను ఐస్‌క్రీమ్ తిన్నాను, నా వంతుగా. పక్కనున్న బారోడేల్ లోయకు మాత్రం గొడుగు మీద నమ్మకం పెట్టుకుని వెళ్లకండి. ఆ లోయ పైనున్న హానిస్టర్ కనుమలో 2015 డిసెంబరులో 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన పడింది.

బయల్దేరే ముందు చూసేది ఈ కొండల మీద వాతావరణం చెప్పే వెదర్‌లైన్. శీతాకాలంలో వాళ్ల మనిషి ఒకరు రోజూ 950 మీటర్ల హెల్వెలిన్ ఎక్కి, పైన మంచు, గాలి ఎలా ఉన్నాయో స్వయంగా చూసి చెబుతారు. ఊళ్లో ఎండ ఉంది కదా అని వాళ్ల మాట పక్కనపెట్టి హెల్వెలిన్‌కు వెళ్లి, సగంలోనే తిరిగొచ్చాను. ఆ సగం కూడా పుస్తకంలో ఉంది. ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి పోలీసును, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేవాళ్లంతా వాలంటీర్లు, పైసా తీసుకోరు. 999కి రిజిస్టర్ అని ముందే మెసేజ్ పెట్టుకుంటే, సిగ్నల్ సరిగా లేనిచోట మెసేజ్‌తో కూడా పిలవచ్చు.

మొన్న శనివారం పుస్తకంలో రాసింది ఇదీ: "17. గాలి నైరుతి. గేటు దాటగానే ముసురు. శిఖరం స్తంభం పది అడుగుల్లోకి వచ్చేదాకా కనబడలేదు. రైడల్ గుహలో పులిహోర, గుమ్మం దగ్గర గొర్రె ఒకటి కదల్లేదు. 2 గంటల 34 నిమిషాలు. గేటు 31 మీటర్లు ఎక్కువ. ఎడమ సాక్సు రైల్లో కూడా తడే."