1949 పోలండ్ 1 జ్లోటీ: కుప్రోనికెల్‌దా, అల్యూమినియందా, ఏది మేలు?

పోలండ్ కమ్యూనిస్టు కాలం నాణెం ఒక్కటే కొనాలంటే 1949 జ్లోటీలో (జ్లోటీ అంటే మన రూపాయి లాగా వాళ్ళ డబ్బు) కుప్రోనికెల్‌దా (రాగి, నికెల్ కలిపిన లోహం), అల్యూమినియందా, ఏ లోహంది తీసుకోవాలి అని నాణేలు పోగేసేవాళ్ళు ఈ మధ్య పదే పదే అడుగుతున్నారు. పోయిన నెల నేను రెండూ పక్కపక్కన పెట్టి చూసే ఒకటి తీసుకున్నా కాబట్టి చెప్తున్నా.

చూడ్డానికి రెండూ ఒకటే, 25 మి.మీ. సైజు, మీద పోలండ్ చిహ్నమైన గద్ద, కమ్యూనిస్టు కాలంది కాబట్టి తలమీద కిరీటం లేదు. చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది, కుప్రోనికెల్‌ది 7 గ్రాములు, అల్యూమినియంది 2 గ్రాముల పైచిలుకు, మన పాత పది పైసల బిళ్ళ పట్టుకున్నట్టే ఉంటుంది. ఫొటో చూసి కొనేవాళ్ళు బరువు అడక్కుండా డబ్బులు పంపకండి.

నాకైతే ఈ నాణెం ఎప్పుడు, ఎట్లా జనం చేతికొచ్చిందన్నదే ముఖ్యం. మీద 1949 అనున్నా బయటికొచ్చింది 1950 అక్టోబర్ 30న కరెన్సీ మార్చినప్పుడు, యుద్ధం అయ్యాక అప్పటిదాకా నడిచినవి కాగితం నోట్లే. జీతాలకీ ధరలకీ 100 పాత జ్లోటీలకి 3 కొత్తవి లెక్కకట్టి, ఇంట్లో దాచుకున్న నోట్లకి మాత్రం 100కి 1 ఇచ్చారు. అంటే 100 పెట్టి కొనే వస్తువు ఇప్పుడు 3, మీ దగ్గరున్న 100 నోటేమో 1, దాచుకున్న దాంట్లో మూడింట రెండొంతులు ఒక్క దెబ్బకి పోయాయి. బ్యాంకులో వేసుకున్న చిన్న మొత్తాలకి 100కి 3 చొప్పునే ఇచ్చారు గానీ రైతులూ చిన్న వ్యాపారులూ డబ్బు ఇంట్లోనే పెట్టుకునేవాళ్ళు కదా, వాళ్ళే ఎక్కువ నష్టపోయారు. పర్మిషన్ లేకుండా డాలర్లు, బంగారం దగ్గర పెట్టుకోవడం కూడా అప్పుడే నేరం చేశారు. ఇంకోపక్క కొత్త జ్లోటీ విలువ 0.222168 గ్రాముల బంగారం, సోవియట్ రూబుల్‌తో సమానం అని ప్రకటించారు, కాగితం మీదే లెండి, ఎవరూ వెళ్ళి బంగారం తెచ్చుకోలేరు. డబ్బు గట్టిదని చెప్పుకున్న ఆ రోజుల్ని ఆ 7 గ్రాముల బిళ్ళ పట్టుకుంటే నాకు ఇంకా బాగా అర్థమైంది.

అల్యూమినియంది తక్కువదని కాదు, తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా 1 జ్లోటీ ఆ లోహంలోనే నడిచింది, రోజువారీ బతుకు కావాలనుకుంటే అదే తీసుకోండి, కాకపోతే మెత్తటి లోహం, గీతలు తొందరగా పడతాయి. 1957 నుంచి 1985 దాకా వచ్చినవి సంవత్సరాల వారీగా సెట్ చేసేవాళ్ళకి బాగుంటాయి, వాటిలో 1957ది దొరకడం కష్టం.

ఒక్కటే అంటే నా ఓటు కుప్రోనికెల్‌కే. 1 జ్లోటీ మళ్ళీ ఆ లోహంలో జనం జేబుల్లోకి వచ్చింది 1995 జనవరిలో, 10,000 పాత జ్లోటీలని 1 చేసినప్పుడు.